నిప్పు తెచ్చినవాడు, నోరు పోయినవాడు

గోథిక్ నవల అనగానే పాడుబడ్డ కోటలు, దయ్యాలు, మూర్ఛపోయే కన్యలు అని పక్కన పెట్టేయడం మనకు అలవాటు. సైన్స్ ఫిక్షన్‌ని కాలక్షేపం కింద జమ కట్టేస్తాం. ఈ రెండు ప్రక్రియలూ ఒకేచోట కలిసిన నవల ఒకటుంది. 1818 జనవరి 1న లండన్‌లో, రచయిత పేరు లేకుండా, 500 ప్రతులుగా వెలువడింది. పేరు 'ఫ్రాంకెన్‌స్టీన్'. ఉపశీర్షిక 'ఆధునిక ప్రొమీథియస్'. రాసిన మేరీ షెల్లీకి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ ఉపశీర్షికను అలంకారమనుకొని దాటేసే పాఠకులే ఎక్కువ. నవల తాళంచెవి అక్కడే ఉందని నా అభిప్రాయం.

పురాణగాథ ఎవరి నోట పలికితే వారి లోకాన్ని చూపిస్తుంది. క్రీ.పూ. 700 ప్రాంతపు హీసియడ్ దృష్టిలో ప్రొమీథియస్ మోసగాడు. బోలు సోపుకాడలో నిప్పు దాచి తెచ్చాడు, ఫలితంగా మానవులకు కష్టాలు దాపురించాయి. లంచాలు మింగే ప్రభువుల్ని తిట్టిపోసిన రైతుకవి హీసియడే జియస్ పక్షం వహించడం గమనించదగ్గది. క్రీ.పూ. అయిదో శతాబ్దపు 'బంధిత ప్రొమీథియస్' నాటకంలో కథ తలకిందులవుతుంది. (అది ఎస్కిలస్ రచనేనా అన్న వివాదం పండితుల మధ్య ఉంది.) అక్కడ జియస్ కొత్తగా గద్దెనెక్కిన నిరంకుశుడు. ప్రొమీథియస్ మనిషికి లెక్కలు, అక్షరాలు, వైద్యం, పశువులకు కాడి కట్టడం నేర్పినవాడు. రోమన్ కవి ఓవిడ్ మరో పాయ అందించాడు: మట్టినీ నీటినీ కలిపి మనిషిని మలచినవాడు కూడా ప్రొమీథియస్సే.

ఫ్రెంచి విప్లవానంతర యూరప్‌కు నచ్చింది నాటకంలోని ధిక్కారి. బైరన్ 1816లో అతనిపై కవిత రాశాడు. మేరీ భర్త పెర్సీ షెల్లీ 1820లో అతని సంకెళ్లు తెంచిన కావ్యనాటకం ప్రచురించాడు. తత్వశాస్త్రపు అమరవీరుల్లో అగ్రస్థానం అతనిదేనని మార్క్స్ 1841లో తన డాక్టరేట్ పరిశోధన పీఠికలో రాశాడు. వీళ్లందరిదీ నిప్పు తెచ్చిన ప్రొమీథియస్. మట్టిని మలచిన ప్రొమీథియస్‌ను తీసుకొని, ఆ మట్టి సంగతేమిటని అడిగింది మేరీ.

ఆ ప్రశ్న గాలిలోంచి రాలేదు. కప్పకాళ్లు విద్యుత్తుతో కదులుతాయని గాల్వానీ 1791లో ప్రకటించాడు. అతని మేనల్లుడు ఆల్దీనీ 1803లో లండన్‌లో ఉరితీసిన ఖైదీ శవానికి విద్యుత్తు తగిలిస్తే దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది. దేవలోకపు నిప్పు ఇప్పుడు ప్రయోగశాల బల్లమీద ఉంది. అయితే విక్టర్ ఫ్రాంకెన్‌స్టీన్ ఏం చేస్తాడు? తాను చేసిన ప్రాణి కళ్లు తెరిచిన క్షణాన పారిపోతాడు. గ్రీకు గాథలో నిప్పు వెల ఇచ్చినవాడే చెల్లిస్తాడు, గద్ద అతని కాలేయాన్నే తింటుంది. ఇక్కడ మొదట చెల్లించింది జస్టిన్ అనే పనిపిల్ల. విక్టర్ తమ్ముణ్ణి చంపిన నేరం ఆమె మీద పడుతుంది. హంతకుడెవరో విక్టర్‌కు తెలుసు. నోరు విప్పడు. ఆమె ఉరికంబం ఎక్కుతుంది.

ఇక ఆ ప్రాణికి నిప్పు ఎవరిచ్చారు? సృష్టికర్త మాత్రం కాదు. దేశదిమ్మరి బిచ్చగాళ్లు అడవిలో వదిలేసిన నెగడును చూసి సంతోషంతో చెయ్యి పెట్టి కాల్చుకుంటాడు. వెచ్చదనమిచ్చేదే ఎందుకు కాల్చిందని ఆలోచిస్తాడు. గోడ సందులోంచి పాఠం విని ఆస్తి విభజన, అపార సంపద, నికృష్ట దారిద్ర్యం గురించి తెలుసుకుంటాడు. డబ్బూ ఆస్తీ మిత్రులూ లేని తానేమిటని ప్రశ్నించుకుంటాడు. అతన్ని శ్రామికవర్గ ప్రతీకగా చదివిన విమర్శకులున్నారు. అది మగ్గపు యంత్రాల్ని పగలగొట్టిన లడ్డైట్ల కాలమే. వారికి ఉరిశిక్ష విధించే బిల్లును 1812లో ప్రభువుల సభలో బైరన్ వ్యతిరేకించాడు కూడా. అయినా ఆ సమీకరణం నాకు పూర్తిగా మింగుడుపడదు. వర్గానికి సహచరులుంటారు, ఈ ప్రాణి ఒంటరి. అతను అడిగేది ఒక తోడు మాత్రమే.

నవలలో అతను అనర్గళంగా వాదిస్తాడు. మిల్టన్‌నూ ప్లూటార్క్‌నూ చదివినవాడు. 1823లో లండన్ రంగస్థలం మీదకు ఎక్కించినప్పుడు అతనికి మాట తీసేశారు. మరుసటి ఏడు మార్చిలో, బానిసల విముక్తిపై పార్లమెంటు చర్చలో విదేశాంగ మంత్రి కానింగ్ ఈ ప్రాణినే ఉదాహరించాడు. బానిసల్ని ఒక్కసారిగా విడిచిపెడితే బలం ఉండి వివేకం లేని అలాంటి జీవి తయారవుతుందన్నాడు. నవల చెప్పింది దానికి సరిగ్గా వ్యతిరేకం, అది వేరే సంగతి. 1931 హాలీవుడ్ చిత్రంలో కూడా అతనికి గుర్రుమనడమే మిగిలింది. పైగా అతని తలలో పెట్టింది నేరస్తుడి మెదడు. అంటే దోషం పుట్టుకలోనే ఉందన్నమాట! పేరు సైతం పెట్టని బిడ్డకు మనలో చాలామంది తండ్రి పేరే పెట్టి పిలుస్తున్నాం.

మాట మళ్లీ వినిపించింది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన 'ఆర్.యు.ఆర్.' నాటకంలో. 'రోబో' అన్న మాట ప్రపంచానికి అక్కడే పుట్టింది. చెక్ భాషలో 'రొబొత' అంటే వెట్టిచాకిరి. ఆ రోబోలు తిరగబడి మనుషులందరినీ చంపి, ఆల్‌క్విస్ట్ అనే ఒక్కణ్ణి వదిలిపెడతాయి. అతను తమలాగే చేతులతో పనిచేస్తాడని.