నవలకు గొప్పతన మెచ్చటనుండి వచ్చును?

చదువరులు నలుగురు కూడినచోట ఏ నవల గొప్పదన్న వాదము పుట్టక మానదు. ఒకరు శైలిని మెత్తురు. వేఱొకరు కథాసంవిధానమును మెత్తురు. మే మీ రెంటిని కాదనము. కాని తెలుగు నవల నడచివచ్చిన త్రోవను పరికింపగా మఱియొక కొలత కానవచ్చుచున్నది.

కందుకూరి వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనిలో వెలువడ నారంభించి, 1880లో గ్రంథరూపము దాల్చెను. గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన యాంగ్లనవల దానికి ప్రేరణమే. అయినను ధవళేశ్వరములోని రాజశేఖరుని యిల్లు మన యిల్లే. ముఖస్తుతికి లొంగుట, బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి చెడుట మన దౌర్బల్యములే. అందు చదువరి తన్ను తాను చూచుకొనెను.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెఱసాలలో రచించిన మాలపల్లి 1922లో వెలువడెను. అందలి కథ రామదాసను మాల రైతు కుటుంబము చుట్టు తిరుగును. అగ్రవర్ణపు చదువరి యెన్నడును తొంగిచూడని గుమ్మములోనికి ఆ పుస్తక మతనిని తోడ్కొనిపోయెను. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించుటయే దాని బలమునకు సాక్ష్యము.

అయితే సదుద్దేశ మొక్కటే చాలదు. జాలి చూపు నవలలు పెక్కు పుట్టి గిట్టినవి. మాలపల్లి నిలుచుటకు గుంటూరు సీమ వాడుకభాషయు కారణము. అందలి జనులు తమ మాటను తామే పలికిరి.

కావున మన కిష్టమైన నవల పేరు చెప్పునపుడు, అది మనల నెవ్వరి యింటికి కొనిపోయెనో, అచట నెవ్వరి గొంతు వినిపించెనో కూడ చెప్పుకొందము.