అంబర్‌పేట బురద, తార్నాక ప్రయోగశాల

తార్నాక కూడలిలో నిలిచి చూచువారికి ఒక వైపున ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లు, మరొక వైపున ఉప్పలు పోవు దారిలో ప్రయోగశాలల ప్రహరీగోడలు కనబడును. ఒకప్పుడు ఇక్కడ మామిడితోట ఉండేదని, దానికి తీగకంచె వేసి కాపలాచౌకి పెట్టినందున ‘తార్ నాకా’ అను పేరు వచ్చినదని చెప్పుదురు. ఈ విద్యానగరికి దక్షిణముగా, కొద్ది దూరములోనే, మూసీ ఒడ్డున అంబర్‌పేట ఉన్నది. నగరపు మురుగులో పెద్ద భాగము చేరునది అక్కడికే. చదువుల వాడ, మురుగు వాడ ఇట్లు ఇరుగుపొరుగుగా పెరిగినవి. ఒకదానినొకటి పలుకరించుకొనుటకు మాత్రము చాల కాలము పట్టినది.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలకొలది జనులు మరణించినారు. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. వరదను ఆపుటకు జలాశయములు కట్టవలెనని, నగరమునకు భూగర్భ మురుగుకాలువలు వేయవలెనని ఆయన సూచించినారు. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము అందరికిని తెలిసినవే. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోలేడని మనవారి నానుడి. ఆ త్రాగిన నీరు పిమ్మట ఎటు పోయినదని అడిగినవారు తక్కువ. సుమారు 5 లక్షల జనాభాకు, 54 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణమునకు సరిపోవునట్లు 1931లో మురుగు పథకము సిద్ధమైనది. ఊరు ఆ లెక్కను ఎప్పుడో దాటిపోయినది.

మురుగునీరు నిలిచినచో అడుగున చేరునది బురద. గాలి తగులని చోట ఆ బురద కుళ్ళినప్పుడు మండు వాయువు పుట్టునని కొత్తగా కనుగొన్నది కాదు. ఇటలీలో వోల్టా 1776లోనే సరస్సు అడుగు బురదను కదిలించి, బుడగలను పట్టి వెలిగించినాడు. ఇంగ్లండులోని ఎక్సెటరు పట్టణములో 1895లో డొనాల్డ్ కామెరాన్ అను ఇంజనీరు మురుగు తొట్టి గ్యాసుతో దీపములు వెలిగించినాడు. మన దేశములో బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమమున ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే ఇట్టి గ్యాసుతో యంత్రము నడిపినారు. తరువాత పల్లెలలో గోబర్ గ్యాసుకు ఆదరణ లభించినది. పేడ మనకు శుభప్రదమాయెను! నగరపు బురదకు ఆ భాగ్యము కలుగలేదు.

తార్నాక ప్రయోగశాల 1944లో హైదరాబాదు రాజ్యపు కేంద్ర ప్రయోగశాలగా మొదలైనది. 1956లో జాతీయ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి క్రింద ప్రాంతీయ పరిశోధనాలయమైనది. 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అను పేరు పొందినది. డాక్టర్ హుసేన్ జహీర్ దాని అధిపతిగా ఉన్న కాలమున ఇంధన విషయములో అక్కడివారి చూపు బొగ్గు మీద నిలిచినది. బొగ్గును తక్కువ వేడిలో కాల్చి పొగ రాని వంటబొగ్గును, నూనెలను తీయు ప్రయత్నములు జరిగినవి. గనులు దూరము, బురద దగ్గర. అయినను ఆనాటి వారిని తప్పుపట్టలేము. బురదలో జరుగు పని ఏమిటో ప్రపంచమునకే అప్పటికి సరిగా తెలియదు.

ఆ పనిని మన వంటయింటి భాషలో చెప్పవచ్చును. పాలలో తోడు వేసినచో పెరుగగును. కొత్త తొట్టిలో పాత తొట్టి బురదనో, పేడనీటినో కలుపుటయు ఇట్టి తోడే. బురదకు మనుష్యుడు చేర్చిన మొదటి సంకలితము అదియే. లోపల కొన్ని సూక్ష్మజీవులు క్రొవ్వును, మాంసకృత్తులను కరిగించును. మరి కొన్ని వాటిని ఆమ్లములుగా మార్చును. ఆ ఆమ్లముల నుండి తయారైన వానిని చివరి జాతి మీథేనుగా మార్చును. ఈ చివరివి మందగమనము గలవి, సుకుమారమైనవి. వీటి కంటె ముందువారు వేగముగా పనిచేసినచో తొట్టి పులిసిపోయి, గ్యాసు ఆగిపోవును. అప్పుడు సున్నము వేసి పులుపు విరుచుట చిరకాలముగా ఉన్న చికిత్స.

ఈ చివరి జాతి నిజముగా బాక్టీరియా కాదనియు, వేరొక ప్రాచీన శాఖకు చెందినదనియు 1977లో అమెరికాలో కార్ల్ వోజ్ తెలిపినాడు. జర్మనీలోని మార్బర్గులో థావర్ బృందము 1979, 1980 సంవత్సరములలో ఈ జీవులకు నికెలు ధాతువు అత్యవసరమని నిరూపించినది. కోబాల్టు, ఇనుము కూడ కావలెను. అణుమాత్రము చాలును, కాని లేనిదే పని సాగదు. ఇక మురుగులోని గంధకము వేరొక చిక్కు తెచ్చును. కుళ్ళిన గుడ్ల వాసన గల హైడ్రోజను సల్ఫైడు పుట్టి గ్యాసులో కలిసి యంత్రములను తినివేయును. బురదలో ఉన్న నికెలు, కోబాల్టులను పట్టి ఉంచి జీవులకు అందనీయదు. అన్నము ఎదుట ఉన్నను చేయి కట్టివేసినట్లగును. ఇనుప లవణములు కలిపినచో ఇనుము గంధకమును పట్టి నల్లని మడ్డిగా అడుగునకు దించును. వాసన తగ్గును, యంత్రము బ్రదుకును. చవుకలో ఇంతకంటె నమ్మదగిన సంకలితము లేదని మా అభిప్రాయము.

2012 నుండి మరియొక మార్గము వినబడుచున్నది. అయస్కాంత ఇనుపరాతి పొడి, క్రియాశీలమైన బొగ్గుపొడి కలిపినచో ఒక జీవి నుండి మరొక జీవికి విద్యుత్కణములు ఆ పొడి ద్వారా నేరుగా ప్రవహించునట! ప్రయోగశాల సీసాలో ఫలితములు ఆశాజనకముగనే ఉన్నవి. కాని రోజూ బుట్టలకొలది పొడి కొని పోయవలసిన మురుగు కేంద్రమునకు ఆ లెక్క వేరు.

అంబర్‌పేటలో మూసీ కాలుష్య నివారణ పథకము క్రింద రోజుకు 33.9 కోట్ల లీటర్ల శుద్ధి కేంద్రము వెలసినది. నీరు అడుగు నుండి బురద పొర గుండా పైకి ఎక్కు ఆ తొట్టి పద్ధతిని 1970లలో హాలండులో లెట్టింగా రూపొందించినాడు. మన దేశములో 1989లో కాన్పూరు జాజ్‌మౌలో దానిని పరీక్షించినారు. వేడి దేశములకు అది అనువైనదే. అయితే మన మురుగు పలుచన, వాన నీరు కలిసినచో మరింత పలుచన. పుట్టిన మీథేనులో గణనీయ భాగము నీటిలో కరిగి బయటికి పోవును. ఒక కిలో ఆమ్లజనిని కోరునంత సేంద్రియ పదార్థము నుండి రాగల మీథేను గరిష్ఠముగా 350 లీటర్లు. ఏ సంకలితమును ఆ హద్దును దాటింపలేదు. ఆగిపోయిన పనిని అది నడిపించును, అంతే. నీళ్ళపాలకు ఎంత మంచి తోడు వేసినను గడ్డపెరుగు రాదని మన ఇల్లాండ్రకు ఎవరును నేర్పనక్కరలేదు.

ఇంకొక సంగతి మరువరాదు. తొట్టిలో వేసిన ధాతువు ఎక్కడికిని పోదు. గ్యాసు ఆకసమునకు పోవును, నికెలు బురదలోనే ఉండును. బురద ఎరువై పొలమునకు పోవును. అంబర్‌పేట మొదలు దిగువకు మూసీ నీటితో పారాగడ్డి పండించి పాడిగేదెలకు మేపిన రైతులను మనము ఎరుగుదుము. ఆ గడ్డి నగరమునకు పాలై తిరిగి వచ్చును. పదిపాళ్ళు గ్యాసు అధికముగా వచ్చినదన్న వార్త విన్నప్పుడు, దానికి వేసినదేమిటో, అది తుదకు ఎవరి పొలమున చేరినదో కూడ అడుగవలెను. ఈ ప్రశ్నకు వెరవక నిలువగలవి సున్నము, ఇనుము, కూరగాయల తుక్కు.

అవును, తుక్కుకూడ సంకలితమే. బురదలో నత్రజని ఎక్కువ. కాయలు, ఆకులలో కర్బనము ఎక్కువ, అవి త్వరగా పులియును. రెండును కలిసినచో ఒకదాని లోపము ఒకటి తీర్చును. తార్నాక సంస్థలో డాక్టర్ గంగాగ్నిరావు, ఆయన సహచరులు రూపొందించిన తొట్టి బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో నడచినది. రోజుకు సుమారు 10 టన్నుల తుక్కు నుండి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల వంటగ్యాసు వచ్చినట్లు 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగములో దేశమంతయు విన్నది. బోయినపల్లి తొట్టిలో మురుగు లేదు. అంబర్‌పేట తొట్టిలో కూరగాయలు లేవు. ఆ రెండింటికిని నడుమ దూరము పది పన్నెండు కిలోమీటర్లు, దారి తార్నాక దరిదాపుల గుండానే.