అద్దపు తొట్టెలో ఆలుమగల పోరు

ఇంట్లో రంగుచేపలు పెంచేవారికి ఒక విచిత్రమైన అనుభవం ఎదురవుతూ ఉంటుంది. ఒక జత సిక్లిడ్ చేపలను వేరుగా ఒక తొట్టెలో ఉంచితే అవి సుఖంగా కాపురం చేస్తాయని ఆశిస్తారు. కాని కొద్ది రోజులకే మగచేప ఆడచేపను తరిమి తరిమి రెక్కలు చీల్చుతుంది. ఒక్కొక్కప్పుడు చంపివేస్తుంది కూడా. ఈ గృహకలహం జీవశాస్త్రంలో ఒక పెద్ద వివాదానికి చోటిచ్చినది.

సిక్లిడ్ కుటుంబపు చేపలు ముఖ్యంగా ఆఫ్రికా, దక్షిణ అమెరికా, మధ్య అమెరికా ఖండభాగాలలోని నదులలోను, సరస్సులలోను నివసిస్తున్నవి. మన పులికాట్ సరస్సులో దొరికే ఎట్రోప్లస్ సూరటెన్సిస్ కూడ ఈ కుటుంబానిదే. వీటిలో సుమారు 10 సెంటీమీటర్లకు మించని వాటిని పొట్టి సిక్లిడ్లు అంటారు. గుడ్లు పెట్టే కాలంలో ఇవి కొంత స్థలాన్ని తమ సొంతం చేసుకొని, ఇతరులను దరిచేరనీయవు. ఏటిలోనైతే ఓడిన చేప పారిపోతుంది. తొట్టెలో అది పోయేదెక్కడికి?

ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్ 1963లో దూకుడు స్వభావాన్ని గురించి జర్మను భాషలో ఒక గ్రంథం ప్రకటించినారు. మగచేపకు పోట్లాడడానికి పొరుగువాడు లేకపోతే, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు, తన జతచేపనే హింసిస్తుందని ఆయన వ్రాసినారు. రెండు జతల నడుమ ఒక అద్దపు పలక ఉంచితే మగచేపలు ఒకదానినొకటి బెదిరించుకొంటూ, ఆడచేపల జోలికి పోవు. పలకకు నాచుపట్టి అవతలి చేప కనిపించకపోతే, ఇంటిపోరు మళ్ళీ మొదలవుతుంది. దీనినిబట్టి, కోపం పాత్రలో నీరువలె లోలోపల నిండుతుందనీ, ఏదో ఒక దారిని వెలువడక తప్పదనీ ఆయన భావించినారు. మానవుని యుద్ధాలకు కూడ ఈ సూత్రాన్ని అన్వయించడంతో వివాదం చెలరేగినది.

ఈ సూత్రాన్ని పరీక్షించిన ప్రయోగాలలో ఒకటి సిక్లిడ్ల మీదనే జరిగినది. వాల్టర్ హైలిగెన్‌బర్గ్, ఉర్సులా క్రామర్ అనువారు 1972లో ఆ ఫలితాలు ప్రకటించినారు. వారు ఆఫ్రికాకు చెందిన ఒక సిక్లిడ్ మగచేపను పిల్లచేపలతో కలిపి ఉంచి, అది వాటిపై ఎన్నిసార్లు దాడిచేస్తుందో లెక్కించినారు. ఇతర మగచేపలు కంటపడనప్పుడు దాడులు రోజురోజుకు తగ్గినవి. ప్రత్యర్థి ఆకారపు బొమ్మను పదేపదే చూపగా పెరిగినవి. నిండిన పాత్ర ఉపమానం ఇక్కడ సరిపడలేదు. పోరాటబుద్ధి బయటి ప్రేరణవల్ల రగులుతున్నట్లు తేలినది.

అయితే లోరెంజ్ చూచినది అబద్ధమా? కాదు. పొరుగుచేప కనిపిస్తే మగచేప దృష్టి అటు మళ్ళడం ఒక పరిశీలన. దానికి కారణం నిండిన కోపమనడం ఒక ఊహ. ఊహ వీగినంత మాత్రాన పరిశీలన వీగిపోదు. ఈ భేదాన్ని విద్యార్థులకు బోధించడానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ అరుదు.

చేపలు పెంచేవారు గ్రహించవలసినది మరొకటి ఉన్నది. విశాలమైన తొట్టె, దట్టమైన నీటిమొక్కలు, పగిలిన కుండపెంకులు, కొబ్బరిచిప్పలు ఆడచేపకు చాటునిస్తవి. అపిస్టోగ్రామా జాతులలో గుడ్లు పెట్టిన తరువాత పాత్రలు తారుమారవుతవి. తల్లిచేపయే పసుపురంగు దాల్చి మగచేపను తరుముతుంది. అప్పుడు దాగుటకు చాటు కావలసినది మగచేపకే!