మూల్యాంకన పురస్కారములు

ప్రజాధనముతో నడచు విద్యా, వైద్య, దారిద్ర్యనిర్మూలన కార్యక్రమములు తాము తలపెట్టిన మేలును నిజముగా చేకూర్చినవో లేవో శాస్త్రీయముగా పరీక్షించి చెప్పు విద్యకు మూల్యాంకనమని పేరు. ఇది సాంఘిక పరిశోధనయందలి నూతన శాఖలలో ఒకటి. ఈ శాఖయందు కృషిచేసిన పండితులకును, వృత్తినిపుణులకును, అప్పుడే పట్టము పుచ్చుకొని బయలువెడలిన విద్యార్థులకును ఇచ్చు పురస్కారములకు సుమారు అర్ధశతాబ్దమునకు మించిన చరిత్ర లేదు. అవి ప్రధానముగా అమెరికా సంయుక్త రాష్ట్రములలో పుట్టి పెరిగినవి.

అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1964లో దారిద్ర్యముపై యుద్ధము ప్రకటించిన పిదప, కోట్లకొలది డాలర్లు బీదల పిల్లల చదువునకును ఆరోగ్యమునకును వెచ్చింపబడసాగినవి. ఆ ధనము పిల్లలవరకు చేరుచున్నదా యను సంశయము సెనేటర్ రాబర్ట్ కెన్నెడీని పీడింపగా, ఆయన పట్టుదల వలన 1965 నాటి ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టమున మూల్యాంకన నివేదికలు విధిగా సమర్పింపవలెనను నిబంధన చేరినది. చట్టము కోరిన పనికి మనుష్యులు కావలసి వచ్చిరి. మనుష్యులు చేరగా అది యొక వృత్తి యైనది. వృత్తికి పత్రికలును సంఘములును ఏర్పడినవి. వానిలో మూల్యాంకన పరిశోధన సమాజము, మూల్యాంకన జాలము అను రెండు సంఘములు 1986లో ఏకమై అమెరికా మూల్యాంకన సంఘముగా రూపొందినవి.

ఈ సంఘపు పురస్కారములలో సిద్ధాంత గ్రంథరచనకై ఇచ్చునది పాల్ లాజర్స్‌ఫెల్డ్ పేరనున్నది. ఆచరణయందలి ప్రావీణ్యమునకై ఇచ్చునది అల్వా, గున్నార్ మిర్డాల్ దంపతుల పేరనున్నది. సంఘసేవకు రాబర్ట్ ఇంగిల్ పేరను, నూతన మూల్యాంకనకర్తలకు మార్షియా గుట్టెన్‌టాగ్ పేరను బహుమానములు కలవు. ఈ పేర్ల యెంపికను పరికించిన వారికి ఒక విచిత్రము గోచరింపకపోదు. సిద్ధాంతమునకు అధిదేవతగా నిలిపిన లాజర్స్‌ఫెల్డ్ తొలికీర్తి గడించినది ఒక గ్రామమున చేసిన క్షేత్రపరిశోధనవలన. ఆచరణకు అధిదేవతలలో ఒకరైన గున్నార్ మిర్డాల్ లోకప్రసిద్ధి పొందినది మహాగ్రంథములవలన. పేర్లను తారుమారు చేసినను పెద్ద లోపము కలుగదు.

లాజర్స్‌ఫెల్డ్ 1901లో వియన్నాలో జన్మించెను. ఆ నగర సమీపమున మారియెంతాల్ అను గ్రామమున బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతయు నిరుద్యోగమున మునిగిన కాలమున, అనగా 1931–32 ప్రాంతమున, ఆయనయు, మేరీ యహోదాయు, హాన్స్ జైసెల్‌యు తమ సహచరులతో కలిసి ఆ గ్రామమును పరిశీలించిరి. ఊరిలోని 478 కుటుంబముల స్థితిగతులను నమోదుచేయుటతో వారు తృప్తిపడక, పెద్దవీధి కభిముఖముగా ఎవరి కంటను పడకుండ కూర్చుండి, దారిన పోవువారి నడక వేగమును గడియారము చేతబట్టి కొలిచిరి. ఇంటి పనులు మీదనున్న స్త్రీలు చకచక నడచిపోవుచుండగా, పని పోయిన పురుషులు నాలుగడుగులు వేసి నిలుచుచు, మరల కదలుచు, ఎచ్చటికిని పోనక్కరలేని వారివలె సంచరించుట వారి లెక్కలలో తేటపడినది. గ్రంథాలయమున రుసుము తీసివేసినను పుస్తకములు కొనిపోవువారి సంఖ్య తగ్గిపోయినది. తీరిక పెరిగినకొలది చదువు పెరుగునను ఊహ అక్కడ పటాపంచలైనది. ఈ పరిశోధన గ్రంథరూపమున 1933లో వెలువడినది. దాని రచనలో పెద్దపాలు యహోదాది. పురస్కారము మాత్రము లాజర్స్‌ఫెల్డ్ పేర వెలసినది. తరువాత ఆయన అమెరికా చేరి, కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రయుక్త సాంఘిక పరిశోధన సంస్థను పెంచి పెద్దచేసెను.

మిర్డాల్ దంపతులు మన దేశమున కపరిచితులు కారు. అల్వా 1955 నుండి 1961 వరకు ఢిల్లీలో స్వీడన్ రాయబారిణిగా నుండెను. గున్నార్ మూడు సంపుటముల ‘ఏషియన్ డ్రామా’ను 1968లో వెలువరించి, చట్టములు చేసి అమలు జరుపలేని మెత్తని ప్రభుత్వములని దక్షిణాసియా రాజ్యములను విమర్శించెను. ఆయనకు 1974లో అర్థశాస్త్రమునందును, ఆమెకు 1982లో శాంతికిని నోబెల్ బహుమానములు లభించినవి. అల్వా ఢిల్లీకి వచ్చుటకు మునుపే, 1952లో, మన ప్రణాళికా సంఘము క్రింద కార్యక్రమ మూల్యాంకన సంస్థ వెలసియున్నది. సాంఘిక పరిశోధనయు ఆ కాలమున మన దేశమున సాగుచునే యుండెను: హైదరాబాదు చెంతనున్న శామీర్‌పేటను గూర్చి సాంఘిక శాస్త్రవేత్త ఎస్. సి. దూబే వ్రాసిన గ్రంథము 1955లో అచ్చుపడినది. రాజమహేంద్రవరపు ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1962లో సామాజికాభివృద్ధి మండలిని నెలకొల్పెను.

యువకుల నుద్దేశించిన పురస్కారములు రెండు ప్రత్యేకముగా పేర్కొనదగినవి. రెండును అకాలమున గతించినవారి స్మృతిచిహ్నములే. మూల్యాంకన పరిశోధనపై ఎల్మర్ స్ట్రూనింగ్‌తో కలిసి 1975లో బృహత్సంకలనము ప్రకటించిన గుట్టెన్‌టాగ్ 1977లోనే కన్నుమూసెను. స్త్రీపురుష సంఖ్యా నిష్పత్తిని గూర్చిన ఆమె గ్రంథమును పాల్ సెకర్డ్ పూర్తిచేయగా అది 1983లో వెలువడినది. ఆమె పేరనున్న బహుమానము స్నాతకోత్తర లేక డాక్టరేటు పట్టము పొందిన అయిదు సంవత్సరములలోపు వారికే. రెండవది డేవిడ్ కెర్షా పేరనున్నది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలలో సుమారు 1,300 కుటుంబములతో 1968లో మొదలైన ఆదాయ హామీ ప్రయోగమును నడిపించి, 37 ఏండ్ల వయసున 1979లో మరణించిన ఆయన జ్ఞాపకార్థము, నలువది సంవత్సరములు నిండకమునుపే ప్రభుత్వ విధాన పరిశోధనలో విశిష్టకృషి చేసినవారికి దీని నిత్తురు. 1983లో దీనిని మొదట గ్రహించినవాడు ఆరోగ్య బీమా ప్రయోగము నిర్వహించిన జోసెఫ్ న్యూహౌస్. కెనడా మూల్యాంకన సంఘము వారు మరియొక మార్గము త్రొక్కిరి: విద్యార్థి బృందములకు ఒక కార్యక్రమపు వివరముల నొసగి, కొన్ని గంటల వ్యవధిలో మూల్యాంకన ప్రణాళిక వ్రాయించి, మిన్నలైన బృందములను మహాసభలో న్యాయనిర్ణేతల యెదుట నిలుపుదురు.

మూల్యాంకన పండితుడు పీటర్ రాసీ పేరను ఒక పురస్కారము కలదు. ఆయన 1980వ దశకపు నడుమ షికాగోలో ఇల్లులేనివారిని లెక్కించుటకై, అర్ధరాత్రివేళ, విధినిర్వహణలో లేని పోలీసులను తోడిచ్చి పరిశోధకులను వీధులకు పంపెను. లెక్క తేలిన సంఖ్య బీదల పక్షమున పోరాడువారు చెప్పుచుండిన దానికంటె ఎంతయో తక్కువ. వారి కోపమునకు మేర లేకపోయెను. పెద్ద కార్యక్రమముల నికరఫలితము సున్న యని ముందుగా నూహించుటే మేలని 1987లో ఆయన వ్రాసిన మాటయు అట్లే అప్రియమైనది.

ఈ రంగమునకు లభించిన గొప్ప గౌరవము 2019 నాటి అర్థశాస్త్ర నోబెల్. దారిద్ర్య నివారణకు ప్రయోగపద్ధతిని వర్తింపజేసినందులకు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లు దానిని పంచుకొనిరి. ఆ పద్ధతికి మన యూళ్లును పరీక్షాక్షేత్రములే. 2005 నుండి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాలలో మూడువందల గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను చీటీలు వేసినట్లు విభజించి, నూరింట ఉపాధ్యాయునికి విడివిడిగాను, నూరింట ఉమ్మడిగాను, పిల్లల ప్రగతినిబట్టి అదనపు సొమ్ము ఇచ్చి, మిగిలిన నూరింటితో పోల్చిరి. రెండేండ్లలో ప్రోత్సాహకములు పొందిన బడులలోని పిల్లలు గణితమునందును భాషయందును మెరుగైన మార్కులు తెచ్చుకొనిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల ఈ నివేదిక 2011లో ప్రకటింపబడినది.

పేరుప్రతిష్ఠలు గడించిన వృద్ధపండితునికి మరియొక ఫలకము కలుపుట సంఘములకు సులభము. రాసీవలె అప్రియమైన లెక్కను సభలో చదువవలసి వచ్చిన యువపరిశోధకునికి మాత్రము ఆ సమయమున అండ కావలెను. అందుచేత ఈ పురస్కారము లన్నింటిలో గుట్టెన్‌టాగ్, కెర్షా పురస్కారములే ఎక్కువ ప్రయోజనకరములని చెప్పవలసియున్నది.