స్టార్మ్ వేరు, సైక్లోన్ వేరు: తిత్లీ గుర్తుందా?



2018 అక్టోబర్ 11. ఈ డేట్ చెప్తే చాలు, మన కాశీబుగ్గ, పలాస, ఉద్దానం వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. తిత్లీ! తెల్లవారుజామున 4.30, 5.30 మధ్యలో పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి చెట్లు, జీడితోటలు నేలమట్టం.

వాతావరణ శాఖ దానికి పెట్టిన కేటగిరీ 'వెరీ సివియర్ సైక్లోనిక్ స్టార్మ్'. చూశారా, రెండు మాటలూ ఉన్నాయి. మనం రెండిటినీ తుఫాను అనేస్తాం. మరి రెండూ ఒకటేనా? కాదు.

స్టార్మ్ చాలా పాత ఇంగ్లిష్ మాట. ఉరుముల వాన, మంచు, ఇసుక గాలి, ఏది గట్టిగా వచ్చినా స్టార్మే. మన 'గాలివాన'కి దగ్గర.

సైక్లోన్‌కి మాత్రం ఇంకా రెండొందల ఏళ్లు నిండలేదు. అది పుట్టింది లండన్‌లో కాదు, కలకత్తాలో! హెన్రీ పిడింగ్టన్ అని ఒకప్పటి ఓడ కెప్టెన్. బంగాళాఖాతంలో తిరిగిన ఓడల లాగ్‌బుక్కులు పోగేసి, ఏ ఓడకి ఎటు నుంచి గాలి కొట్టిందో చూశాడు. కాకినాడ దగ్గర కోరంగిని 1789లో ముంచేసిన ఉప్పెన గురించి కూడా రాశాడు. ఆయనకి అర్థమైంది ఏంటంటే, ఈ గాలి తిన్నగా రాదు, గుండ్రంగా తిరుగుతుంది. అందుకే 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో గ్రీకు నుంచి ఒక కొత్త మాట తయారు చేశాడు. చుట్ట చుట్టుకున్న పాము అని దాని భావం. అదే సైక్లోన్.

'మాట ఏదైతే ఏంట్రా, ఇల్లు ఎగిరిపోయాక' అంటారా? ఇక్కడే ఉంది అసలు పాయింట్.

మామూలు గాలివాన ఆగితే ఆగినట్టే. సైక్లోన్ అలా కాదు. దాని మధ్యలో 'కన్ను' ఉంటుంది. అది మన మీదకి వస్తే గాలి ఒక్కసారిగా తగ్గిపోతుంది. హమ్మయ్య అనుకుని పశువుల్ని చూడ్డానికో, పడవ చూసుకోడానికో బయటికి వెళ్తే, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే గాలి మళ్లీ కొడుతుంది. పాము చుట్టలో రెండో సగం అన్నమాట.

కాబట్టి ఈసారి ఫోన్‌లో సైక్లోన్ అలర్ట్ వస్తే, గాలి ఆగిందని బయటికి పరిగెత్తకండి. దాటిపోయిందని అధికారులు చెప్పేదాకా లోపలే ఉండండి. ఇంట్లో అమ్మమ్మకీ తాతయ్యకీ కూడా ఇది చెప్పండి.

మళ్లీ కలుద్దాం, బై!