బౌలింగ్ బంతికి నేల పెట్టిన పరీక్ష

పది పిన్నుల బౌలింగ్‌లో ఒక బంతి మంచిదా కాదా అన్న ప్రశ్నకు, అది ఏ నేల మీద దొర్లబోతుందో చెప్పనిదే జవాబు ఉండదు. ఫౌల్ గీత నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగుల పొడవు, సుమారు మూడున్నర అడుగుల వెడల్పుతో, సంప్రదాయంగా 39 సన్నని చెక్క పట్టీలను పక్కపక్కన చేర్చి పరిచిన ఆ దారిని లేన్ అంటారు. అమెరికాలో ఈ ఆటకు ఒకే రకమైన నియమాలు కుదర్చడానికి 1895లో న్యూయార్క్‌లో అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ ఏర్పడింది మొదలు, బంతి కథను కంపెనీల పేర్లతో, కొత్త సరుకుల తేదీలతో చెప్పడం ఆనవాయితీ అయింది. కానీ ఆ కథలోని ప్రతి మలుపు వెనుకా నేలలో వచ్చిన మార్పు ఒకటి కనిపిస్తుంది. బంతిని పరీక్షించే పద్ధతులు ఎదగడమంటే ఈ సంగతిని ఆటవారు, ఇంజనీర్లు నెమ్మదిగా, ఒక్కోసారి నష్టపోయి, గ్రహించడమే.

తొలినాటి బంతులను లిగ్నమ్ వైటే అనే, నీటిలో మునిగేటంత బరువైన అమెరికా ఉష్ణమండలపు కలపతో తరిణి పట్టేవారు. 1905లో ఎవర్‌ట్రూ పేరుతో గట్టి రబ్బరు బంతి వచ్చింది. 1914లో బ్రన్స్‌విక్ కంపెనీ మినరలైట్ అనే రబ్బరు బంతిని అమ్మకానికి పెట్టింది. ఆ కాలంలో బంతికి జరిగిన పరీక్ష సులువైనది: 16 పౌండ్ల బరువు మించకూడదు, చుట్టుకొలత 27 అంగుళాలకు లోబడాలి, గుండ్రంగా ఉండాలి, వేళ్లకు రంధ్రాలు తొలిచాక ఒక పక్కకు బరువు ఒరగకూడదు. ఈ చివరి సంగతిని డోడో అనే ప్రత్యేకమైన త్రాసు మీద పెట్టి చూసేవారు. అంటే నేల ప్రసక్తి లేకుండా, బంతిని ఒంటరిగా కూర్చోబెట్టి తూచడమే పరీక్షగా చెల్లింది. నేల ఎక్కడైనా ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నన్నాళ్లు దానితో పని జరిగింది: బంతి పడే ముందు భాగంలోను, పిన్నులు నిలబడే చోటను మేపుల్ కలప, మధ్యలో మెత్తని పైన్ కలప, వాటి మీద షెలాక్ పూత. ఆ షెలాక్‌కు ముడిసరుకు అయిన లక్కకు ప్రపంచంలో పెద్ద ఆధారం భారతదేశపు అడవులే కనుక, ఆ దూరదేశపు ఆటకు మన దేశంతో అంతమాత్రం బంధుత్వం ఉంది.

తరువాత షెలాక్ స్థానంలోకి లాకర్ పూత, 1970ల నాటికి పాలీయురెథేన్ పూత వచ్చాయి. లాకర్ సులభంగా నిప్పంటుకునే పదార్థం కావడంతో అగ్నిప్రమాదాల భయం ఆ మార్పును తొందరపెట్టింది. కొత్త పూత గట్టిది, నున్ననిది. దాని మీద, పైగా చెక్కను బంతి దెబ్బల నుంచి కాపాడేందుకు పూసే నూనె మీద, అప్పటికి వాడుకలోకి వచ్చిన పాలియెస్టర్ ప్లాస్టిక్ బంతులు పట్టు దొరకక జారిపోసాగాయి. పిన్నుల ముందుకు వచ్చే సరికి బంతి పక్కకు వంగి, మొదటి పిన్నుకూ దాని పక్క పిన్నుకూ మధ్యనున్న సందులోకి ఏటవాలుగా దూరితే తప్ప పదీ ఒకే దెబ్బకు పడే అవకాశం పెరగదు. ఈ వంపునే హుక్ అంటారు. వంపుకు ఘర్షణ కావాలి, ఘర్షణకు పట్టు కావాలి.

ఆ పట్టును డాన్ మెక్‌క్యూన్ అనే వృత్తి ఆటగాడు రసాయనంతో సంపాదించాడు. మిథైల్ ఇథైల్ కీటోన్ వంటి ద్రావకంలో ప్లాస్టిక్ బంతిని నానబెడితే పైపొర మెత్తబడి నేలను పట్టుకుంటుందని తెలుసుకున్న అతడు 1973లో ఆరు వృత్తి పోటీలు గెలిచి ఆ ఏటి మేటి ఆటగాడిగా నిలిచాడు. ఇది చూసి తక్కినవారూ బంతులను నానబెట్టడం మొదలుపెట్టారు. ఆ ద్రావకం ఆవిరి ఆరోగ్యానికి చెడ్డది, నిప్పు తగిలితే భగ్గుమనేది. అప్పుడు నియమకర్తలు డ్యూరోమీటర్‌ను ఆశ్రయించారు. చిన్న సూదిని నిర్ణీత బలంతో ఉపరితలం మీద ఒత్తి, అది ఎంత లోపలికి దిగిందో బట్టి గట్టిదనాన్ని అంకెలో చెప్పే పరికరమిది. వృత్తి ఆటగాళ్ల సంఘం 75ను, అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ 72ను కనీస హద్దుగా నిర్ణయించాయి. బంతి చరిత్రలో ఈ ఘట్టం అన్నిటికన్నా విలువైనదని చెప్పాలి, ఎందుకంటే బరువు, గుండ్రదనం దాటి, నేలను తాకే పొర గుణాన్ని కొలవాలన్న ఆలోచన మొదటిసారి నియమంగా మారింది ఇక్కడే.

గట్టిదనం హద్దు దాటకుండానే పట్టు పెంచే మార్గాలను తయారీదార్లు వెతుక్కున్నారు. 1980ల ఆరంభంలో వచ్చిన ఎ.ఎం.ఎఫ్. యాంగిల్ వంటి యురెథేన్ బంతులు ఒక మెట్టు. 1990ల ఆరంభంలో వచ్చిన రియాక్టివ్ రెసిన్ బంతులు పెద్ద గెంతు. యురెథేన్‌లో కలిపిన కొన్ని పదార్థాల వల్ల ఈ రెండో రకం బంతి పైపొరలో కంటికి కనిపించని రంధ్రాలు ఏర్పడి, నూనెను పీల్చుకుంటాయి. బంతి నూనె మీద జారి, పొడి నేల చేరగానే ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. 1968–69 ఆటకాలంలో వెయ్యికి లోపు నమోదైన 300 పాయింట్ల పరిపూర్ణ ఆటలు, 1998–99 నాటికి 30,000కు పైబడ్డాయి. అందులో కొంత మెరుగైన బంతులదీ, మరికొంత ఆటగాళ్లకు అనుకూలంగా నూనె పూసిన హాళ్లదీ అని ఒప్పుకోక తప్పదు.

ఇక్కడ నూనె సంగతి కొంచెం నిలిచి చూడదగ్గది. ఒకప్పుడు పిచికారీతో చల్లి, మాపుతో పులిమిన నూనెను, ఇప్పుడు యంత్రాలు పట్టీ పట్టీకీ లెక్కగట్టి పూస్తాయి. ఒక చదరపు అడుగు మీద 0.0167 ఘన సెంటీమీటర్ల నూనెను ఒక యూనిట్ అంటారు; అంటే అంగుళంలో పది లక్షల వంతులు చేస్తే వాటిలో ఏడింటి మందం. ఇంత పలుచని పొరే బంతి భవితవ్యాన్ని తేలుస్తుంది: నూనె ఉన్న చోట ఘర్షణ గుణకం సుమారు 0.04, పొడి చోట సుమారు 0.20. నూనె పూత 35 అడుగుల దగ్గర ఆగితే బంతి తొందరగా తిరుగుతుంది, 45 అడుగుల దాకా సాగితే ఆలస్యంగా. సాధారణ హాళ్లలో నడుమ చిక్కగా, అంచుల్లో పలుచగా పూయడం వల్ల, గురి కాస్త తప్పిన బంతిని కూడా నేలే సరిదిద్ది పిన్నుల వైపు మళ్లిస్తుంది. పోటీల పూతలో నడుమకూ అంచుకూ తేడా మూడింతలకు మించకపోవడంతో ఆ సాయం ఉండదు. అక్కడే బంతి అసలు బలం బయటపడుతుంది.

ఆట సాగుతున్నకొద్దీ పూత కదులుతుంది కూడా. పాత ప్లాస్టిక్ బంతులు నూనెను ముందుకు మోసుకుపోయి, పొడిగా ఉండాల్సిన చోట జారుడు కలిగించేవి. రెసిన్ బంతులు దాన్ని తాగేసి నేలను ఎండబెడతాయి. కాబట్టి పొద్దున్న పరీక్షలో నెగ్గిన బంతి సాయంత్రం నెగ్గకపోవచ్చు.

2005లో పాత సంఘాలన్నీ కలిసి యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్‌గా మారాక, బంతి కదలికపై విస్తృతమైన పరిశోధన జరిగి, 2008లో ఫలితాలు వెలువడ్డాయి. యంత్రం చేత ఒకే వేగంతో, ఒకే తిప్పుడుతో బంతులను వేయించి, లేన్ పొడవునా అమర్చిన సెన్సార్లతో దారిని గుర్తించే పద్ధతి అది. అప్పటిదాకా అమ్మకాల ప్రకటనలు గొప్పగా చెప్పినది లోపలి దిమ్మ ఆకారాన్ని: కోర్ అనే ఆ బరువైన దిమ్మ, బంతి ఎంత సులువుగా తిరగాలో, ఏ అక్షం చుట్టూ స్థిరపడాలో నిర్ణయిస్తుంది. అయితే ఆ పరిశోధనలో అగ్రస్థానం దక్కింది పైపొర సూక్ష్మ గరుకుదనానికీ, అది నూనెను పీల్చే వేగానికీ. దానితో గరుకుదనానికి అంగుళపు పది లక్షల వంతుల్లో 50 అనే హద్దు వచ్చింది. ఒకే బంతిని 500 నంబరు గరుకు కాగితంతో రుద్దితే నూనెలో తొందరగా పట్టు దొరుకుతుంది, మెరుగు పెడితే అదే బంతి పొడి నేల దాకా జారుతుంది; దుకాణంలో పది నిమిషాల పని, కొత్త కోర్‌కు చేసిన ఖర్చు కన్నా ఎక్కువ మార్పు తేగలదని ఈ కొలతలు రుజువు చేశాయి.

2010లో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ పరీక్షా కేంద్రంలో ఎర్ల్ అనే రోబో చేరింది. విసరడంలో మనిషి చేతికి సహజమైన తేడాలు లేని ఆ యంత్రం, ఒక బంతిని మరొక దానితో పోల్చడానికి తగిన ఆధారం ఇచ్చింది. ఆ పోలికకు ఉన్న హద్దును కూడా ఆట తెలిసినవారు మరవరు: పరీక్షకు వచ్చే బంతి కొత్తది, నేల అప్పుడే నూనె పూసినది. వాడుకలో పైపొర గరుకు అరిగి నున్నబడుతుంది, రంధ్రాలు నూనెతో నిండి పీల్చుడు తగ్గుతుంది. అందుకే ఆటగాళ్లు బంతిని వేడినీటిలో ఉంచి లోపలి నూనెను బయటికి రప్పించి, మళ్లీ గరుకు కాగితం పట్టి, దాని స్వభావాన్ని మొదటి నుంచి చూసుకుంటారు.