విండోస్ ఎక్స్‌పీ నవీకరణలు

విండోస్ ఎక్స్‌పీ మైక్రోసాఫ్ట్ సంస్థ తయారుచేసిన ఒక నిర్వాహక వ్యవస్థ, అనగా ఆపరేటింగ్ సిస్టమ్. ఇది 2001 అక్టోబరు 25న విపణిలోకి విడుదలైంది. 2014 ఏప్రిల్ 8న దీనికి మద్దతు ముగిసింది. ఈ మధ్యకాలంలో దీనిలోని లోపాలను సరిచేయుటకు సంస్థ విడుదల చేసిన సవరణలను నవీకరణలు అంటారు. ఇంటి కంప్యూటరును ఎందుకు నవీకరించాలో, పాత వ్యవస్థను ఎప్పుడు విడిచిపెట్టాలో గ్రహించుటకు ఎక్స్‌పీ చరిత్ర చక్కని ఉదాహరణ.

నేపథ్యం

ఎక్స్‌పీకి పూర్వం మైక్రోసాఫ్ట్ వ్యవస్థలు రెండు శాఖలుగా ఉండేవి. ఇళ్ళలో వాడే విండోస్ 95, 98, ఎంఇ లకు పాత డాస్ పునాది. కార్యాలయాలలో వాడే విండోస్ ఎన్‌టీ, 2000 లు వేరొక దృఢమైన పునాదిపై నిర్మించబడినవి. ఈ రెండవ పునాదిని సామాన్య గృహ వాడుకరులకు అందించిన మొదటి వ్యవస్థ ఎక్స్‌పీ. దీనికి కనీసం 233 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 64 మెగాబైట్ల మెమొరీ, 1.5 గిగాబైట్ల డిస్కు స్థలం అవసరం. విండోస్ 98 లేదా ఎంఇ ఉన్నవారు తమ ఫైళ్ళను తొలగించకుండానే దీనికి మారగలిగేవారు. విండోస్ 95 నుండి అలా మారుటకు వీలులేదు.

తెలుగు వాడుకరులకు ఈ మార్పు వలన మరొక ప్రయోజనం కలిగింది. ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఖతి చేర్చబడింది. విండోస్ 98లో అదనపు ఏర్పాట్లు లేనిదే యూనికోడ్ తెలుగు సరిగా కనబడేది కాదు. ఎక్స్‌పీలో కూడా కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రాంతీయ, భాషా అమరికలలో సంక్లిష్ట లిపులకు సంబంధించిన గడిని ఎంచుకొని, విండోస్ సీడీని పెట్టవలసి వచ్చేది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైన నాటికి ఇటువంటి కంప్యూటర్లు కొద్ది ఇళ్ళలోనే ఉండేవి.

వార్మ్ దాడులు

ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రామును వార్మ్ అంటారు. బ్లాస్టర్ అనే వార్మ్ 2003 ఆగస్టు 11న వ్యాపించసాగింది. ఇది సోకిన కంప్యూటరు ఒక నిమిషం గడువు చూపి తిరిగి ప్రారంభమవుతుండేది. ఇది ఆధారం చేసుకొన్న లోపానికి సవరణ అదే సంవత్సరం జూలై 16ననే విడుదలైంది. సాసర్ అనే వార్మ్ 2004 ఏప్రిల్ చివరిలో వ్యాపించగా, దానికి సంబంధించిన సవరణ ఏప్రిల్ 13న విడుదలైంది. రెండు సందర్భాలలోను మందు ముందే వచ్చింది, రోగం తరువాత వచ్చింది. సవరణను స్థాపించుకొననివారే నష్టపోయారు.

ఈ వార్మ్‌లు సోకుటకు వాడుకరి ఏ ఫైలునూ తెరువనక్కరలేదు, కంప్యూటరు అంతర్జాలానికి కలిపి ఉంటే చాలు. ఎక్స్‌పీలో మొదటినుండి రక్షణగోడ, అనగా ఫైర్‌వాల్ ఉన్నప్పటికీ, సాధారణంగా అది పనిచేయకుండా ఉంచబడేది.

సర్వీస్ ప్యాక్‌లు

అనేక సవరణలను ఒకటిగా కూర్చిన సంపుటిని సర్వీస్ ప్యాక్ అంటారు. ఎక్స్‌పీకి ఇవి మూడు వెలువడినవి: మొదటిది 2002లో, రెండవది 2004లో, మూడవది 2008లో. వీటిలో రెండవది ముఖ్యమైనది. ఇది రక్షణగోడను దానంతట అదే పనిచేసేటట్లు చేసింది. భద్రతా స్థితిని తెలిపే కేంద్రాన్ని చేర్చి, స్వయంచాలక నవీకరణలను ప్రారంభించుకొనమని వాడుకరిని కోరింది. 2003 అక్టోబరు నుండి మైక్రోసాఫ్ట్ తన సవరణలను ప్రతి నెలా రెండవ మంగళవారం విడుదల చేసే పద్ధతిని అనుసరిస్తున్నది.

అంతర్జాల వేగం, నవీకరణలు

రెండవ సర్వీస్ ప్యాక్ పూర్తి పరిమాణం సుమారు 270 మెగాబైట్లు. సెకనుకు 56 కిలోబిట్ల డయలప్ మోడెం పూర్తి వేగంతో పనిచేసినా, దీనిని దింపుకొనుటకు పదిగంటలకు పైగా పడుతుంది. అంతసేపు టెలిఫోను లైను ఖాళీగా ఉండదు, కాల్ ఛార్జీ కూడా పెరుగుతూ పోతుంది. కావున సీడీ ద్వారా స్థాపించుకొనుట సులభమైన మార్గమైంది. భారత ప్రభుత్వ 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని 256 కిలోబిట్లుగా నిర్ణయించింది. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ సేవ ప్రారంభమైనది. ఈ వేగంతో అదే ఫైలుకు రెండున్నర గంటల లోపే సరిపోతుంది. ఐతే పలు పథకాలలో నెలవారీ పరిమితి ఉండేది. రాత్రి 2 గంటల నుండి ఉదయం 8 గంటల వరకు వాడుకను లెక్కించని పథకాలున్నవారు పెద్ద నవీకరణలను ఆ వేళకు ఉంచుకొనేవారు. నకలు ప్రతులు వాడే కొందరు నవీకరణలను పూర్తిగా ఆపివేసుకొని, తమ కంప్యూటర్లను తామే ప్రమాదంలోకి నెట్టుకొనేవారు.

మద్దతు ముగింపు

మద్దతు ముగిసిన తరువాత కూడా ఎక్స్‌పీ పనిచేస్తుంది. కొత్తగా బయటపడే లోపాలకు మాత్రం సవరణలు రావు. అత్యవసర పరిస్థితులలో 2014, 2017, 2019 సంవత్సరాల మే నెలలలో మైక్రోసాఫ్ట్ మినహాయింపుగా ఎక్స్‌పీకి సవరణలు ఇచ్చింది. క్రోమ్ విహరిణి 2016లోను, ఫైర్‌ఫాక్స్ 2018లోను ఎక్స్‌పీకి మద్దతు ఆపివేసాయి. భారతీయ రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో, ఏటీఎం యంత్రాలలోని ఎక్స్‌పీ తదితర మద్దతులేని వ్యవస్థలను మార్చవలసినదిగా బ్యాంకులను ఆదేశించి, ఏడాది గడువు ఇచ్చింది.

2017 మే 12న వ్యాపించిన వానాక్రై ఫైళ్ళకు తాళం వేసి డబ్బు కోరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడినవి. ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా దెబ్బతిన్నవి ఎక్స్‌పీ కంప్యూటర్లు కావు, రెండు నెలల క్రితమే విడుదలైన సవరణను స్థాపించుకొనని విండోస్ 7 కంప్యూటర్లు. కొత్త వ్యవస్థ ఉన్నంతమాత్రాన రక్షణ కలుగదని దీనివలన తెలుస్తుంది.

కొత్త వ్యవస్థకు మారునప్పుడు జాగ్రత్తలు

ఎక్స్‌పీ నుండి విస్టాకు నేరుగా మారవచ్చును. విండోస్ 7కు మారాలంటే కొత్తగా స్థాపించుకొనవలసిందే. కావున ముందుగా ఈ పనులు చేయవలెను:

* మై డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్‌లలోని ఫైళ్ళను వేరొక డిస్కులోకి నకలు చేసి, ఆ నకలును మరొక కంప్యూటరులో తెరిచి సరిచూడవలెను. ఈ రెండూ సాధారణంగా సీ డ్రైవులోనే ఉంటాయి, ఫార్మాట్ చేసినపుడు పోతాయి.
* అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉత్తరాలు వేరొక చోట దాగి ఉంటాయి. వాటిని విడిగా భద్రపరచవలెను.
* యూనికోడ్ కాని పాత తెలుగు ఖతులతో టైపు చేసిన వ్యాసాలతోపాటు ఆ ఖతి ఫైలును కూడా దాచవలెను. ఖతి లేనిచో ఆ వ్యాసం అర్థంలేని ఆంగ్ల అక్షరాలుగా కనబడుతుంది. వీలైతే యూనికోడ్‌లోకి మార్చుకొనుట ఉత్తమం.
* ప్రింటరు, స్కానరు, మోడెం వంటి పరికరాలకు కొత్త వ్యవస్థలో పనిచేసే డ్రైవరు లభిస్తుందో లేదో చూడవలెను.
* స్థాపన పూర్తి కాగానే, ఇతర పనులకు ముందు నవీకరణలను దింపుకొనవలెను.

మారుటకు వీలులేని పాత కంప్యూటరును అంతర్జాలానికి కలుపకుండా టైపింగు వంటి పనులకు వాడుకొనవచ్చును. 64 బిట్ ప్రాసెసరు ఉన్నచో లినక్స్ కూడా ఒక ప్రత్యామ్నాయం.

తరువాతి వ్యవస్థలు

ఇదే క్రమం తరువాత కూడా కొనసాగింది. విండోస్ 7 మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10 సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినవి. గృహ వాడుకరులు నమోదు చేసుకొన్నచో విండోస్ 10కు పొడిగించిన భద్రతా నవీకరణల గడువు మొదట 2026 అక్టోబరు 13గా ప్రకటించబడింది. విండోస్ 11కు 64 బిట్ ప్రాసెసరు, 4 గిగాబైట్ల మెమొరీ, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం అవసరం కనుక, బాగా పనిచేస్తున్న అనేక కంప్యూటర్లు దానికి అర్హత పొందవు. అట్టివారు గడువు ముగియక మునుపే, ఫైళ్ళు చేతిలో క్షేమంగా ఉన్నప్పుడే నిర్ణయం తీసుకొనుట మేలు.

ఇవి కూడా చూడండి

* నిర్వాహక వ్యవస్థ
* లినక్స్
* యూనికోడ్
* కంప్యూటరు వైరస్